ఒంటిగంట దాకా మన బండి

ఆ ఆదివారం ఉదయం శాంతికుమార్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు రాంగోపాల్‌పేట్‌లో అక్బర్ దగ్గర ఒక పాత కారు ట్రయల్‌కి తీసుకోవాలి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని బన్సీలాల్‌పేట్ చుట్టూ ఒక రౌండు కొట్టాలి. తొమ్మిదిన్నరకల్లా కారు తిరిగిచ్చేసి, పదింటికి ఎప్పట్లాగే నడుచుకుంటూ చర్చికి వెళ్లాలి. అందులో ఎవరి కొంపా మునిగేదేమీ లేదు. అయినా మునిగింది.

అసలు శాంతికుమార్ బాధ కారు లేకపోవడం కాదు, బావమరిది ఉండటం. ప్రేమమణి తమ్ముడు లూకా మంచివాడే. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఓ మాట అనేసి ఊరుకోవచ్చు. ఆ ఇంట్లో ఫ్రిజ్ లూకా చూసిందే, ఉంటున్న ఫ్లాట్ లూకా చూసిందే. ఆఖరికి కూతురికి హదస్సా అన్న పేరు కూడా, శాంతికుమార్ ఆఫీసులో పర్మిషన్ తీసుకుని ఆస్పత్రికి చేరేలోపే లూకా రిజిస్టర్‌లో రాయించేశాడు. కిందటేడు అరకు వెళ్తే రెండు కార్లు, ముందు కారులో లూకా. అతనికి ఆకలేసినచోటే అందరూ తిన్నారు, అతనికి నిద్రొచ్చినచోటే అందరూ ఆగారు.

అందుకే ఈ వేసవిలో ఊటీ ప్రయాణానికి శాంతికుమార్ గట్టిగా ఒకటి అనుకున్నాడు. తామిద్దరూ, హదస్సా, ఇద్దరు కొడుకులూ, తన తల్లి సువార్తమ్మ, అత్తగారు రాహేలమ్మ, మొత్తం ఏడుగురూ ఒకే బండిలో వెళ్లాలి. ఆ బండి తను చూసి, తనకు నచ్చి, తనే కొనాలి. యాభై మూడేళ్లొచ్చాయి, ఒక్క వస్తువైనా లూకా వేలు పెట్టకుండా ఇంట్లోకి రావాలి. కొన్నాకే లూకాకి తెలియాలి.

"డాక్టర్ సాబ్ వాడిన బండి సార్. ఇంటి నుంచి దవాఖానకు, దవాఖాన నుంచి ఇంటికి. గంతే," అన్నాడు అక్బర్ తాళం చేతిలో పెడుతూ. అక్బర్ అమ్మే ప్రతి బండీ ఎవరో ఒక డాక్టరు వాడిందే. ఆ లెక్కన సికింద్రాబాద్‌లో రోగుల కంటే డాక్టర్లే ఎక్కువ ఉండాలి. బండి మాత్రం చూడముచ్చటగా ఉంది. జర్మనీ కంపెనీది, నల్లగా నిగనిగలాడుతోంది, లోపల తోలు సీట్లు, మూడు వరసలు. "కొత్తగున్నప్పుడు డెబ్బై లక్షలు సార్ ఇది! జెర పైలంగ నడపుర్రి."

"గీత పడకుండా తొమ్మిదిన్నరకు తెచ్చిచ్చేస్తా."

"పరేషాన్ కాకుర్రి. ఒంటిగంట దాంక మీ బండే అనుకోర్రి. ఒంటిగంటకు మాత్రం ఇంకో పార్టీ వస్తున్నడు. వారం సంది ఫోన్‌ల వీడియోలు చూసి ఫిదా అయిండు."

ఇంటి ముందుకు వచ్చాక అసలు పరీక్ష మొదలైంది. మొదటి రెండు వరసలకూ వంక పెట్టడానికి లేదు. మూడో వరస మాత్రం ఉందని చెప్పుకోవడానికే తప్ప కూర్చోవడానికి కాదు. ఆరడుగుల పెద్దకొడుకు వెనక్కి వెళ్లి కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. "నీ పొడుగు కాళ్లకు పట్టదు, లే," అని సువార్తమ్మ మధ్య సీటు మడిపించి తను బయల్దేరింది. సగం దూరం వెళ్లాక ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు.

"వదినా, ఎడమకాలు ముందు తియ్యి," అని బయటనుంచి రాహేలమ్మ సలహా.

"ఏ కాలు ఏదో తెలిస్తే ఇంత అవస్థ ఎందుకు వదినా!" అని లోపల్నుంచి సువార్తమ్మ ఏడుపు గొంతు. ఆవిణ్ణి బయటికి లాగేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

హదస్సా వెనక డోరు ఎత్తి చూసి తేల్చేసింది. "డాడీ, థర్డ్ రో మడిస్తే లగేజీ పడుతుంది, వేస్తే మనుషులు పడతారు. రెండూ కావాలంటే ఇద్దర్ని ఇంట్లో వదిలెయ్యాలి."

శాంతికుమార్ అక్కడికక్కడే నిర్ణయించేసుకున్నాడు. ఈ బండి వద్దు. ఎవర్నీ అడగకుండా వద్దనుకోవడంలో ఇంత హాయి ఉంటుందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. కానీ అప్పటికే టైము పదికి పది నిమిషాలు తక్కువ. "ఇప్పుడు బండి ఇచ్చొచ్చేదెప్పుడు, చర్చికెళ్లేదెప్పుడు? ఇందులోనే పోదాం. ఒంటిగంట దాకా మనదేగా," అంది ప్రేమమణి. కొడుకులిద్దరూ నడిచే వస్తామన్నారు. శాంతికుమార్ అక్బర్‌కి ఫోన్ చేసి, చర్చి అయ్యాక తెచ్చిస్తానని చెప్పి బయల్దేరాడు.

చర్చి వెనక సందులో పెట్టేసి గప్‌చుప్‌గా లోపలికి పోదామనుకున్నాడు. వాచ్‌మన్ సోమయ్య పోనిస్తేగా! "గింత మంచి బండి సందుల పెడ్తరా సార్?" అని నాలుగు స్కూటర్లు పక్కకు జరిపి, సరిగ్గా గుమ్మం ముందు నిలబెట్టించాడు. అప్పుడే మెట్లెక్కుతున్న లూకా వెనక్కి తిరిగి చూశాడు. బండినీ నంబరునీ చూసేసరికి అతని ముఖం మాడిపోయింది. మరుక్షణం పళ్లన్నీ బయటపెట్టి నవ్వి, "కంగ్రాట్స్ బావా!" అని సమాధానం కూడా వినకుండా పాస్టరుగారి గదివైపు గబగబా నడిచాడు.

ప్రకటనల సమయం వచ్చింది. పాస్టరు జీవరత్నంగారు కళ్లజోడు సర్దుకున్నారు. "మన శాంతికుమార్ గారి కుటుంబానికి దేవుడు ఈ వారం గొప్ప వాహనాన్ని అనుగ్రహించాడు. కొత్తగా ఉన్నప్పుడు దాని వెల డెబ్బై లక్షలట."

"స్తోత్రం!" అంది సంఘం. డెబ్బై లక్షలు కాబట్టి స్తోత్రం కాస్త గట్టిగానే వచ్చింది.

"లేచి చెప్పండి," అని మోచేత్తో పొడిచింది ప్రేమమణి.

"ఏమని?"

"కొనలేదని!"

"అందరి ముందా? నువ్వు చెప్పు. టీచరువి, గొంతుంది."

ప్రేమమణి మొగుడి వైపు కొరకొరా చూసి లేచి నిలబడింది. "అయ్యగారూ, ఆ బండి మాది కాదండీ."

"విన్నారా?" జీవరత్నంగారు సంఘం వైపు తిరిగారు. "గుమ్మం ముందు అంత బండి పెట్టుకుని మాది కాదంటోంది ఈ సోదరి! ఎంత తగ్గింపు, ఎంత వినయం! ఎంతమందికి వస్తుంది ఈ మనసు?"

"ఆమేన్!"

ఇక లాభం లేదని శాంతికుమార్ లేచాడు. "అలా కాదండీ అయ్యగారూ. ట్రయల్‌కి తెచ్చాం, అంతే. నాకు అసలు నచ్చనే లేదు."

"చూశారా! అంత ఖరీదైన బండిని పూచికపుల్లలా తీసిపారేస్తున్నాడు!" ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్లు ఒత్తుకుంది. ఇంతలో లూకా మైకు దగ్గరికి వెళ్లాడు. వచ్చే ఆదివారం తన బావగారు సంఘమంతటికీ కృతజ్ఞతా విందు ఇస్తున్నారని, మటన్ బిర్యానీ అని, డబుల్ కా మీఠా కూడా ఉంటుందని ప్రకటించాడు. ఇవ్వని విందుకు కూడా వంటకాలు లూకాయే నిర్ణయించాడు. శాంతికుమార్‌కి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆరాధన ముగిసేసరికి పన్నెండున్నర. తాళం చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చిన శాంతికుమార్‌కి బండి కనపడలేదు, చుట్టూ జనమే కనపడ్డారు. క్వయర్ పిల్లలు బానెట్‌కి బంతిపూల దండ కట్టేశారు. జీవరత్నంగారు బండి మీద చెయ్యివేసి పది నిమిషాలు ప్రార్థన చేసి, నూనెతో అద్దం మీద సిలువ గుర్తు పెట్టారు. గీత పడకుండా తెచ్చిస్తానని మాటిచ్చిన శాంతికుమార్ జారుతున్న నూనెను చూస్తూ గుడ్లు తేలేశాడు.

స్త్రీల సమాజం సెక్రటరీ హెప్సిబమ్మ ముందుకొచ్చింది. "అన్నయ్యా, ప్రతి బుధవారం నేరేడ్‌మెట్ ప్రార్థనకి ఆటోల్లో పడి చస్తున్నాం. ఇక ఏడుగురం ఇందులోనే. కాదనకండి!"

"అమ్మా, నా మాట వినండి. ఇది నాది కాదు."

"అదేగా మీ గొప్పతనం!" అందావిడ. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా వినే నాథుడు లేడు. ఎంత కాదంటే అంత పెద్దమనిషి అయిపోతున్నాడు. జేబులో సైలెంట్‌లో పెట్టిన ఫోన్ తీస్తే పదకొండు మిస్డ్ కాల్స్, అన్నీ అక్బర్‌వే.

పన్నెండో కాల్ చేయకుండా అక్బర్ స్వయంగా వచ్చేశాడు. స్కూటీ స్టాండు వెయ్యడం కూడా మర్చిపోయి దండ వంకా నూనె వంకా చూశాడు. "సార్! ట్రయల్ అని తీస్కవోయి గీ దండలేంది, గీ నూనేంది? అద్దమంతా జిడ్డయింది! పార్టీకి నేనేం చెప్పాలె?"

"ఎవరు బాబూ నువ్వు?" అన్నారు జీవరత్నంగారు.

"బండి నాది సార్!"

జీవరత్నంగారు జాలిగా తలూపి అక్బర్ భుజం మీద చెయ్యి వేశారు. "అమ్ముకున్నాక కూడా మమకారం పోదు నాయనా. అర్థమైంది."

"మమకారం గిమకారం కాదు సార్, మాల్ నాది! ఇంకా అమ్మనే లేదు!" అని అక్బర్ మొత్తుకుంటుంటే, జనంలోంచి లూకా దూసుకొచ్చాడు. అక్బర్ రెక్క పట్టుకుని మెట్ల పక్కకి లాక్కెళ్లాడు. ఇద్దరూ ఏదో గుసగుసలాడారు. లూకా ఫోన్ తీసి ఏదో నొక్కాడు, అక్బర్ తన ఫోన్ చూసుకుని ఒక్కసారిగా చల్లబడ్డాడు. అప్పుడు లూకా గెలిచిన ముఖంతో బావ దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు.

"సారీ బావా. ఆ ఒంటిగంట పార్టీని నేనే. వారం నుంచి మాట్లాడుకుంటున్న బండిని నువ్వు తన్నుకుపోయావనుకుని పొద్దున్నుంచీ నా కడుపు మండిపోతోంది. ఆ కసితోనే అయ్యగారికి చెప్పి నీ నెత్తిన విందు పెట్టా. నువ్వు కొనలేదని ఇప్పుడే తెలిసింది. అడ్వాన్స్ కొట్టేశా, ఇక వెనక్కి రాదు. బండి నాది."

శాంతికుమార్‌కి అక్కడే గంతులెయ్యాలనిపించింది. కానీ సొంత బావమరిది, మనసొప్పలేదు. "లూకా, ఒక్కసారి ఆ మూడో వరసలో కూర్చుని చూడరా. మా అమ్మ ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయింది."

"అందని ద్రాక్ష పుల్లన బావా," అని నవ్వి చెయ్యి చాపాడు లూకా. శాంతికుమార్ జేబులోంచి తాళం తీసి అతని అరచేతిలో పెట్టి, భుజం తట్టాడు. లూకా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది విజయానందం. చుట్టూ ఉన్న ఎనభై మందీ ఇదంతా కళ్లారా చూశారు. ఒక్క మాట కూడా ఎవరికీ వినపడలేదు.

ఆ సాయంత్రం నుంచే ప్రేమమణికి ఫోన్లు మొదలయ్యాయి. దేవుడిచ్చిన బండిని అరపూటైనా ఉంచుకోకుండా బావమరిదికి రాసిచ్చాడటగా, మీ ఆయన ఏం మనిషమ్మా అని. ఆవిడ కాదని చెప్పింది. చెప్పినకొద్దీ అవతల స్తోత్రాలు పెరిగాయి. బుధవారం హెప్సిబమ్మ బృందం తిన్నగా లూకా ఇంటికి వెళ్లింది. తాము అడిగింది బండినే గానీ మనిషిని కాదని వాళ్ల వాదన. నేరేడ్‌మెట్ చేరాక మూడో వరసలోంచి ఇద్దరు ఆడవాళ్లను దింపడానికి లూకాకి, లోపల మొదలైన పాట రెండో చరణం అయిపోయేంత సేపు పట్టింది.

మరుసటి ఆదివారం జీవరత్నంగారు ప్రసంగం పక్కనపెట్టి శాంతికుమార్ త్యాగం గురించే మాట్లాడారు. విన్నంతసేపు విని లూకా లేచాడు, ముఖం కందగడ్డలా ఉంది. "అయ్యగారూ, అది నా డబ్బుతో నేను కొన్నానండీ! రసీదు ఉంది!"

"ఇచ్చినట్టు ఎవరికీ చెప్పొద్దని బావ మాట తీసుకుని ఉంటాడు," అన్నారు జీవరత్నంగారు తృప్తిగా. "ఆ మాట కోసం ఈ తమ్ముడు ఎంత తాపత్రయపడుతున్నాడో చూడండి! ఇక కృతజ్ఞత చెప్పాల్సింది పుచ్చుకున్నవాడే కాబట్టి, నేటి విందు ఖర్చు సోదరుడు లూకాదే."

"ఆమేన్!" అంది సంఘం. వెనకనుంచి బిర్యానీ వాసన వస్తోంది.

నిజం చెప్పేద్దామని శాంతికుమార్ లేవబోయాడు. ప్రేమమణి చొక్కా పట్టి కూర్చోబెట్టింది. "కూర్చోండి. వారం నుంచి చెప్తూనే ఉన్నాం, ఒక్కరు విన్నారా? ఈ ఒక్కపూటా మా తమ్ముణ్ణి చెప్పుకోనివ్వండి."

భోజనాల దగ్గర లూకా కంచం పట్టుకుని బావ పక్కన చేరాడు. అంత పరాభవంలోనూ మనిషి మారలేదు. "సరేలే బావా, అయిందేదో అయింది. ఊటీకి అందరం నా బండిలోనే పోదాం. ఇరుకైతే సర్దుకుందాం. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తినాలో అన్నీ రాసిపెట్టా."

"వద్దురా," అన్నాడు శాంతికుమార్. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనే ఒక్కక్షణం ఆశ్చర్యపోయాడు. "మేం వేరేగా పోతాం."

చెయ్యి కడుక్కుని, చర్చి మెట్ల మీద ఒక్కడే కూర్చుని, భార్యనడక్కుండా, కూతుర్నడక్కుండా, లూకా వైపు కన్నెత్తి చూడకుండా, కోయంబత్తూరు దాకా ఏడుగురికీ రైలు టికెట్లు తనే బుక్ చేశాడు. ఒక్కో టికెట్టు మీద ఆరుగురికి మించి ఇవ్వరు కాబట్టి రెండు విడతలుగా చెయ్యాల్సి వచ్చింది. అయినా ఏడు నంబర్లూ వరసగానే వచ్చాయి, వెయిటింగ్ లిస్టులో నూట ఆరు నుంచి నూట పన్నెండు దాకా.