సంచి సర్దిన పాపం

ఆ రోజు పొద్దున్న సూపర్వైజరు గారు పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. వంటింట్లో డబ్బాలను ఎత్తు ప్రకారం నిలబెట్టాలి, చెప్పుల స్టాండు తుడవాలి, స్టవ్ మీద సన్నని సెగన ఉన్న పాలు పొంగకుండా చూడాలి. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఆయన గోడౌనును వదిలి రెండేళ్లయినా గోడౌను మాత్రం ఆయన్ని వదల్లేదు. "ఏది ఎక్కడుండాలో అది అక్కడుంటే ఏ గొడవా ఉండదు" అన్నది ఆయన మంత్రం. వినీ వినీ అది ఆ ఇంటి గోడలకు కూడా నోటికొచ్చేసింది. ఆయన చేతికి చిక్కిన ఏ వస్తువుకైనా రెండే గతులు. అయితే వరసలోకి, లేదా చెత్తబుట్టలోకి.

భార్య మోకాళ్ల వ్యాయామానికని పడగ్గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఆ కాసేపూ ఇల్లు తగలబడినా తనని పిలవకూడదని ఆవిడ షరతు. వ్యాయామం మొదలుపెట్టి ఏడాది దాటింది. అయినా మెట్లెక్కేటప్పుడు ఆ మోకాళ్లు మూలుగుతూనే ఉన్నాయి, ఎందుకో మరి!

కూతురు కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షలు చేస్తుంది. ఆ రోజు సెలవే గానీ తోటి ఉద్యోగికి జ్వరమొచ్చిందని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. చెప్పుల్లో కాళ్లు పెట్టి, మళ్లీ తీసి, గుమ్మంలో కాసేపు తచ్చాడి, చివరికి తండ్రి దగ్గరికొచ్చింది.

"నాన్నా, ఒక సాయం కావాలి. వెక్కిరించనంటేనే చెప్తా."

ఆ మాట ఊరికే రాలేదు. కూతురు కంప్యూటర్లో ఆడే ఆటను ఆయన ఓసారి ఇంటికొచ్చిన చుట్టాల ముందు "ఈడొచ్చిన పిల్లకి బొమ్మల కత్తియుద్ధాలు! పనికిమాలిన పని" అని నవ్వుతూ అనేశాడు. చుట్టాలు కూడా నవ్వారు. అప్పటినుంచి ఆ పిల్ల ఆయనతో మాట్లాడేది "భోంచేశారా, మందులేసుకున్నారా" అన్నంత వరకే. కాబట్టి ఇప్పుడు సాయమనేసరికి ఆయన చేతిలో ఉన్న తుడుపుగుడ్డ పక్కన పెట్టేశాడు.

"చెప్పమ్మా."

"సాయంత్రం మా జట్టంతా డ్రాగన్ గుహలోకి వెళ్తున్నాం. మా వంతు రావడానికి నెలలు పట్టింది. అది పోకూడదంటే నా బొమ్మ ఆ గుహ ముందే ఉండాలి. కదలకపోతే మనిషి లేడనుకుని ఆట బయటికి నెట్టేస్తుంది. మీరు అప్పుడప్పుడు రెండడుగులు అటూ ఇటూ నడిపిస్తే చాలు. ఈ నాలుగు బాణాల మీటలు తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దు. డ్యూటీలో నా ఫోను లాకర్లో ఉంటుంది, మధ్యలో అడగడానికి కుదరదు."

"అంతేనా? లారీలకు లారీలు నడిపించినవాణ్ని, ఓ బొమ్మని నడిపించలేనా?"

"మిమ్మల్నే నమ్ముకున్నా నాన్నా" అని వెళ్లిపోయింది. సూపర్వైజరు గారు ఆ కుర్చీని రెండుసార్లు తుడుచుకుని కూర్చున్నాడు.

తెర మీద కూతురి బొమ్మ నిలబడి ఉంది. పేరు వెండిజడ. తనకంటే పొడుగైన కర్ర పట్టుకుని, నడుము దాటిన తెల్లని జడతో, ఎవరికీ భయపడనట్టుగా చూస్తోంది. పట్టపగలే ఆకాశంలో ఇద్దరు చందమామలున్నారు. బాణం మీట నొక్కితే కాళ్లకింద గడ్డి వంగి, దాటాక మళ్లీ లేస్తోంది. ఓ చిన్న పసుపు పువ్వు అడ్డొస్తే ఆయన దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లాడు. దూరంగా కొండ మీంచి నీళ్లు దూకుతున్నాయి. ఆ చప్పుడు చాలాసేపు వింటూ కూర్చున్నాడు. రోజంతా జనం కళ్లలోకి టార్చి వేసే పిల్ల ఇంటికొచ్చి ఇక్కడెందుకు తిరుగుతుందో ఆయనకు మొదటిసారి కొంచెం అర్థమైంది. ఆనాడు ఆ మాట అనకుండా ఉండాల్సింది అనిపించింది.

అయితే ఆ లోకంలో క్రమశిక్షణ సున్నా. నక్కమొహం వాడొకడు నిలబడ్డచోటే కారణం లేకుండా గెంతుతున్నాడు. ఇంకొకడు అడవిపంది మీదెక్కి జనం మధ్యలోంచి దూసుకుపోయాడు. గుహ ముందు వంతు కోసం వచ్చినవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నిలబడ్డారు, ఒక్క వరసా లేదు పాడూ లేదు. అంతలో ఎవరో "హాయ్ అక్కా!" అని రాశారు. ఆయన ఉలిక్కిపడి చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

తిరిగి "నమస్కారం" అని రాద్దామని ఏదో మీట నొక్కాడు. వెండిజడ సంచి తెరుచుకుంది.

అయ్యో, అది సంచా, చెత్తకుప్పా? ఎముకలు, ఈకలు, ఎలుక తోక, విరిగిన పిడిబాకు, మందు సీసాలు తలా ఒకచోట, వాటి మధ్యలో ఎండిన పుట్టగొడుగులు. "దేవుడా, నా కూతురే!" అనుకున్నాడు. బాణాలు తప్ప ఏదీ ముట్టుకోవద్దన్న మాట చెవిలో మోగింది. కానీ ఊరికే సర్దితే ముట్టుకున్నట్టు కాదని ఆయన చేతులు ఆయనకు నచ్చజెప్పాయి. సీసాలన్నీ ఒక వరస, ఈకలన్నీ ఒక వరస చేశాడు. పక్కనే బారెడు గడ్డంతో ఓ పొట్టి వర్తకుడు నిలబడి ఉన్నాడు. వాడి మీద నొక్కితే ఒక మీట కనబడింది. 'పనికిరానివన్నీ అమ్మెయ్యి.'

గోడౌనులో ఉన్నన్నాళ్లూ ఆయన కలలుగన్న మీట అది. నొక్కేశాడు. సంచి అద్దంలా మెరిసింది. అమ్మాయి సాయంత్రమొచ్చి చూసి "అబ్బ, నాన్నా!" అంటుందని, బహుశా పక్కన కూర్చుని నాలుగు మాటలు కూడా చెబుతుందని ఊహించుకుని హాయిగా వెనక్కి వాలాడు.

అప్పుడే కొండంత శాల్తీ ఒకటి ఊగుతూ వచ్చింది. జట్టు నాయకుడట, పేరు కొండముచ్చు.

"అక్కా, బూర ఓసారి బయటికి తియ్యి. ఆ పగిలిన కొమ్ము ఊదితేనేగా డ్రాగన్ నిద్ర లేచేది. ముక్కా ముక్కా ఏరి అతికించేసరికి అందరి ప్రాణం పోయింది. నీ దగ్గర భద్రంగా ఉందిలే గానీ, ఒక్కసారి చూసుకుంటే నాకు ధైర్యం."

సూపర్వైజరు గారు గబగబా సంచి తెరిచాడు. ఎలుక తోక పక్కన పగిలిన కొమ్ము ఒకటి ఉన్నట్టు గుర్తే. అది ఇప్పుడు లేనట్టూ గుర్తే.

"ఇంట్లో మర్చిపోయాను" అని రాశాడు.

"ఇంట్లోనా? మనకి ఇళ్లెక్కడున్నాయి అక్కా?"

"చుట్టాలింట్లో."

కొండముచ్చు జట్టువాళ్ల వైపు తిరిగాడు. ఆ సందులో ఆయన వర్తకుడి దగ్గరికి పరిగెత్తాడు. కొమ్ము అప్పుడే అమ్ముడుపోయిందని, బావురుకప్ప అనే ఆట మనిషి కొనుక్కుని చిత్తడి నేల వైపు వెళ్లిందని వాడు చల్లగా చెప్పాడు. గుహ ముందునుంచి కదిలితే వంతు పోతుంది, బూర లేకపోతే వంతుండీ లాభం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన చిత్తడి నేల వైపే పరుగెత్తాడు.

దారిలో తోడేళ్లు పడ్డాయి. పారిపోదామంటే ఏ మీట నొక్కినా వెండిజడ చేతులూపి వాటికి దండం పెడుతోంది. తెర బూడిదరంగుకు తిరిగింది. 'మీరు మరణించారు' అని అక్షరాలొచ్చాయి.

"ఏమేవ్! నేను పోయాను!" అని కేకపెట్టాడు.

"పోయినవాళ్లు అరవరు! వ్యాయామంలో ఉన్నా!" అని పడగ్గదిలోంచి జవాబొచ్చింది.

దయ్యమై తన శవాన్ని తానే వెతుక్కుంటూ వెళ్లాలట, అప్పుడే ప్రాణం వస్తుందట. అలా నడుస్తుంటే తెర అడుగున జట్టువాళ్ల రాతలు కనబడసాగాయి. వెండిజడ బూర పట్టుకుని ఎటో పారిపోయిందని ఒకడు రాశాడు. పక్క జట్టుకి అమ్మేసుంటుందని ఇంకొకడన్నాడు. "నీకెంత ముట్టింది అక్కా? నమ్మించి గొంతు కోశావు కదా" అని పిడుగు అనేవాడు రాసి, ఏడుపు మొహం కూడా పెట్టాడు.

తన కూతుర్ని దొంగ అంటే ఏ తండ్రి ఊరుకుంటాడు? తనే ఇప్పుడు ఆ కూతురి రూపంలో ఉన్నానన్న సంగతి మర్చిపోయి సూపర్వైజరు గారు గోడౌను భాష అందుకున్నాడు. "నోరు అదుపులో పెట్టుకోండి! పందుల మీద ఊరేగేవాళ్లా నాకు చెప్పేది? వరసలో నిలబడ్డం చేతకాని వెధవలు! పనికిమాలిన మూక! మీ డ్రాగన్ని మీరే లేపుకోండి!"

చెప్పవలసినదంతా చెప్పేశాక కడుపు చల్లబడింది. కొన్ని క్షణాలకు కొండముచ్చు రాశాడు. "ఇన్నాళ్లూ నిన్ను సొంత అక్కలా అనుకున్నాం. సరే." ఆ కింద ఇంకో వాక్యం ప్రత్యక్షమైంది. 'మిమ్మల్ని జట్టు నుంచి తొలగించారు.'

ఆయన ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాడు. నమ్ముకున్నా నాన్నా అని వెళ్లిన పిల్ల గుమ్మం దగ్గర కనబడినట్టయింది. బూర దొరికితే కాళ్లావేళ్లా పడైనా మళ్లీ చేర్పించవచ్చని, శవం చేరుకుని, ప్రాణం తెచ్చుకుని, చిత్తడిలో పడి నడిచాడు.

బావురుకప్ప ఓ రాయి మీద కూర్చుని గాలం వేస్తోంది.

"అయ్యా కప్పగారూ, ఆ బూర నాది. దయచేసి ఇచ్చెయ్యండి."

"నీదైతే అంగట్లోకి ఎలా వచ్చింది?"

"సంచి చిందరవందరగా ఉంటే సర్దాను. ఏది ఎక్కడుండాలో అది అక్కడుంటే ఏ గొడవా ఉండదని నా పద్ధతి."

కప్ప గాలం పైకి లాగేసింది.

"ఇస్తాను. ముందు ఒక్క మాట చెప్పు. ఇలాగే పనికిరాదని పారేసి, తర్వాత అయ్యో అనుకున్నది ఏదైనా ఉందా?"

ఇంట్లోవాళ్లు అడిగితే "నేనా? ఛ!" అనేవాడు. కానీ ముక్కూ మొహం తెలియని కప్ప ముందు బెట్టు దేనికి? ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు.

"మా ఆవిడ కుంచెలు. పెళ్లయిన కొత్తలో బొమ్మలు వేసేది. వెంట్రుకలు ఊడిపోయాయి కదా అని ఓ రోజు అటక సర్దుతూ పారేశాను. కొత్తవి కొనుక్కుంటుందిలే అనుకున్నా. కొనుక్కోలేదు. ఆ తర్వాత ఒక్క బొమ్మా వెయ్యలేదు. నాకు అడగడానికి మొహం చెల్లలేదు. బహుశా తను గమనించలేదేమో."

"గమనించింది" అంది కప్ప.

సంచిలో పగిలిన కొమ్ము వచ్చి పడింది. ఆయన దాని వంక చూడలేదు, కప్ప వంకే చూస్తున్నాడు. కప్ప మళ్లీ రాసింది.

"ఏమండీ, మాడు వాసనొస్తోంది. పాలు చూడండి."

పాలు పొంగి, ఆరి, గిన్నె నల్లబడి చాలాసేపైనట్టుంది. ఆయన స్టవ్ కట్టేసి వెనక్కి తిరిగేసరికి పడగ్గది తలుపు తెరిచి ఉంది. ముక్కు మీద కళ్లద్దాలు, ఒళ్లో ఫోను, కదలని మోకాళ్లతో భార్య మంచం మీద కూర్చుని ఉంది.

"ఏడాదిగా ఇదేనా వ్యాయామం?"

"అమ్మాయే నేర్పింది. అది ఆసుపత్రి నుంచి వచ్చాక ఇద్దరం ఆటలో ఆ చిత్తడి పక్కనున్న చెరువు గట్టు మీద కూర్చుని మాట్లాడుకుంటాం."

"పక్క పక్క గదుల్లో ఉండి?"

"ఇక్కడ మాట్లాడితే మీరు నవ్వుతారుగా."

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. బూర అంగట్లో కనబడగానే ఇది ఎవరి నిర్వాకమో ఆవిడకు తెలిసిపోయింది, అందుకే కొనేసింది. "కాసేపు ఏడిపిద్దామనుకున్నా, అంతే. ఎదురుగా వచ్చి అడిగితే మీకు మాట రాదని..." అంటూ ఆవిడ నవ్వింది. జట్టులోంచి తీసేసిన సంగతి ఆయన చెప్పగానే ఆ నవ్వు ఆగిపోయింది. "అయ్యో, అప్పుడే వచ్చి చెప్పాల్సింది" అని తల పట్టుకుంది. ఇద్దరూ మాడిన గిన్నె ముందు కూర్చుని కూతురి కోసం ఎదురుచూశారు.

కూతురు వచ్చేసరికి వంతు వేరే జట్టుకు వెళ్లిపోయింది. మళ్లీ రావాలంటే నెలలు. ఆయన చెప్పిందంతా ఆ పిల్ల నిలబడే వింది. అరిచినా బాగుండేది. కుర్చీలో కూర్చుని, వరసలో నిలబెట్టిన సీసాల వంక చూసింది.

"నా దగ్గరైతే భద్రమని వాళ్లు నాకిచ్చారు నాన్నా. నేనూ అలాగే అనుకుని మీకిచ్చాను" అంది మెల్లగా.

ఫ్యాక్టరీలో ఎంతమంది యజమానులు ఎన్ని మాటలన్నా ఆయనకు ఇంత నొప్పి తెలియలేదు. భోజనానికి కూర్చున్నాడు. కాసేపటికి లేచి, "నాకూ ఓ బొమ్మ చేసిపెట్టమ్మా. ఎలా ఉన్నా పర్వాలేదు" అన్నాడు.

అలా పుట్టిన చింపిరి గుడ్డల బొమ్మ ఒకటి కొండముచ్చు జట్టు ముందుకొచ్చి నిలబడింది. సంచి సర్దింది, అబద్ధమాడింది, తిట్టింది అన్నీ తానేనని, తన కూతురికి ఏ పాపం తెలియదని రాసింది. "తప్పు నాది. ఇవాళ మిమ్మల్ని పనికిమాలినవాళ్లన్నాను. ఆ మాట మా ఇంట్లో కూడా చాలాసార్లు అన్నాను. క్షమించండి బాబూ."



"అంటే ఆ తిట్లన్నీ మీవా అంకుల్?" అని రాశాడు కొండముచ్చు. "చదువుతుంటే మా నాన్నే గుర్తొచ్చాడు. అక్క ఇలా మాట్లాడదే అనుకున్నా. అడిగుండాల్సింది, అడక్కుండానే తీసేశాను. అక్కని మళ్లీ రమ్మనండి."

పోయిన వంతు మాత్రం పోయినట్టే. మళ్లీ వచ్చేదాకా జట్టు బరువులు మోయడానికి ఒక కూలీ కావాలంటే, ఆ పని నాకివ్వండని సూపర్వైజరు గారు బతిమాలాడు. ఇచ్చారు. మర్నాడు అంగడికెళ్లి కొత్త కుంచెలు కొని భార్య మంచం పక్కన పెట్టాడు. ఆవిడ వాటిని చూసింది, తీసి కిటికీలో పెట్టింది, ఇంకా బొమ్మ మాత్రం వెయ్యలేదు. ఆయన వాటిని వరసలో పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ ఇంట్లో మూడు గదుల తలుపులూ తీసే ఉంటాయి. వెండిజడ ముందు, కప్ప మధ్యలో, పెద్ద సంచి మోస్తూ కూలీ చివర, ముగ్గురూ చెరువు గట్టు మీద నడుస్తుంటారు. ఆ సంచిలో ఏముందో కూలీకి ఇప్పటికీ తెలియదు, తాళం కప్ప దగ్గరుంది.