పదమూడు పుల్లలు

ఆ శుక్రవారం ఉదయానికి ఇందుజ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకల్లా భర్త పృథ్వీ భీమవరం బస్సు ఎక్కేస్తాడు. మామగారు తాతాజీ పేపరు పట్టుకుని అరుగు మీదకి వెళ్తారు. అత్తగారు రత్నమాణిక్యం పూజలో కూర్చుంటుంది. ఆ అరగంటలో వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, చేతి అద్దం ఎదురుగా పెట్టుకుని ఒక ఇడ్లీ తినాలి. ఎవరూ చూడకూడదు.

ఆమె నమిలే తిండి మానేసి నలభై నాలుగు రోజులైంది. కింది దవడ ముందుకు పెరిగిపోయి, పై పళ్ళూ కింది పళ్ళూ పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ ఒకదాన్నొకటి కలుసుకోలేదు. ఏలూరులో డాక్టరు చలపతిరావు ఆ ఎముకని కోసి, వెనక్కి జరిపి, మరలు బిగించాడు. అప్పటి నుంచీ నోరు తెరుచుకోకుండా పళ్ళకి రబ్బర్లు. అన్నం, పప్పు, బీరకాయ కూర, అన్నీ మిక్సీలో తిప్పి, వడగట్టి, సిరంజితో బుగ్గ సందులోంచి పట్టేవారు. ఏది వండినా చివరికి తడి సిమెంటు రంగులోకే వచ్చేది. తొమ్మిది కిలోలు తగ్గింది. పక్కింట్లో వంకాయ వేయిస్తున్న వాసన వస్తే కళ్ళ నీళ్ళు తిరిగేవి.

సోమవారం రబ్బర్లు తీశారు. తీశాక తెలిసింది, ఇది తన నోరు కాదని. పళ్ళు కొత్త చోట తగులుతున్నాయి. నాలుక పాత దారిలో వెళ్ళి గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతోంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ లేదు. మజ్జిగ తాగితే సగం కారిపోయినా ఆమెకి తెలియదు. చీర తడిశాక తెలుస్తుంది. ఒంటరిగా తినాలన్నది అందుకే.

డాక్టరు ఐసుపుల్లల్లాంటి చెక్క పుల్లల కట్ట ఒకటి ఇచ్చాడు. పూటకోసారి పళ్ళ మధ్య దొంతరగా పెట్టి నోరు సాగదీయాలి. "శనివారానికి పదమూడు పట్టాలమ్మా. మెత్తగా ఒక ఇడ్లీతో నమలడం మొదలుపెట్టండి, దవడ కాస్త వదులవుతుంది. పట్టకపోతే మత్తిచ్చి నేనే తెరవాల్సొస్తుంది. దాంతో ఇంకో మూడు వారాలు" అన్నాడు.

ఆ మూడు వారాలు ఆమె దగ్గర లేవు. ఊళ్ళో ఒక జూనియర్ కాలేజీలో ఆమె ఫిజిక్స్ చెబుతుంది. సోమవారం క్లాసులోకి రాకపోతే వేరేవాళ్ళని చూసుకున్నామని ప్రిన్సిపాలు మర్యాదగానే కబురు పెట్టాడు. గురువారం సాయంత్రానికి పట్టిన పుల్లలు పది.

రత్నమాణిక్యం మంచి మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది. కోడలి కోసం పిండి మామూలు కన్నా మెత్తగా రుబ్బింది, రాత్రి రెండుసార్లు లేచి పొంగిందా లేదా చూసింది. ఏడు గంటలకి ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెడుతుండగా ఆమెకి ఒక సంగతి తట్టింది. పిల్ల ఇన్నాళ్ళకి మొదటి ముద్ద తింటోంది. పుట్టింటివాళ్ళకి ఒక్క మాట చెప్పకుండా పత్యం పెట్టేస్తే రేపు ఏమనుకుంటారు? వాళ్ళు ఏమీ అనుకోరు, అదే మరీ కష్టం. కైకలూరుకి ఫోను చేసింది.

ఇందుజ తల్లి మణెమ్మ అవతల నుంచి, "మా కోసం ఆపండి వదినగారూ అని నేను అనకూడదు గాని, బండి మాట్లాడమని మా అబ్బాయి పాపారావుకి చెబుతున్నాను. మీరు మాత్రం కానిచ్చేయండి" అంది.

కానిచ్చేయమన్నవాళ్ళని కాదని కానిచ్చేయడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. పైగా వియ్యంకులు అంతదూరం నుంచి వస్తుంటే, ఆరు కిలోమీటర్ల దూరంలో పెంటపాడులో ఉన్న తన ఆడపడుచు వరాలమ్మకి తెలియకపోతే ఇంకేమైనా ఉందా? రెండో ఫోను వెళ్ళింది.

ఇందుజ అద్దం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. "అత్తయ్యగారూ, ఒక్క ఇడ్లీయేనండి. తినేస్తానండి" అంది, పళ్ళ మధ్య నుంచి.

"తిందువుగాని అమ్మా. మీ అమ్మగారు బయల్దేరారు. ఇంకెంతసేపని?"

వరాలమ్మ ఎనిమిదిన్నరకే వచ్చింది. భర్త, ఇద్దరు కోడళ్ళు, వాళ్ళ పిల్లలు, ఆటోలో పట్టినంతమంది. దోర జామకాయల సంచి ఒకటి, గట్టి చేగోడీలు ఒక డబ్బా తెచ్చింది. కూర్చోగానే ఇందుజ మొహాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఆపరేషనన్నారు. కుట్లేవే?"

కుట్లు లోపల ఉంటాయని ఇందుజ చెప్పింది. బయటికి మచ్చ పడకుండా నోట్లోంచే కోస్తారని చెప్పింది.

"ఏదీ, నోరు తెరువమ్మాయ్."

తెరిచింది. అంత చిన్న సందులో వరాలమ్మకి ఏమీ కనిపించలేదు. తాతాజీ పేపరు మడిచి పెట్టి లోపలికి వెళ్ళి టార్చిలైటు తెచ్చారు. "అలాక్కాదు, కాస్త ఎడమ పక్కకి. అదిగో, అక్కడ కనిపిస్తోందే, అదీ" అంటూ చూపించారు. ఎల్‌ఐసీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన ఆయనకి ఏదైనా వివరించి చెప్పే అవకాశం వచ్చి చాలాకాలమైంది. వరాలమ్మ తరువాత ఆమె భర్త చూశాడు. ఆయన తరువాత కోడళ్ళు చూశారు. పిల్లలు రెండేసిసార్లు చూశారు. పెద్దకోడలు కుడివైపు కూడా చూస్తానంది. అటూ కోశారు కదా మరి.

ఇడ్లీలు చల్లారుతున్నాయి. ఇందుజ అత్తగారి వైపు చూసింది. రత్నమాణిక్యం వరాలమ్మ వైపు చూసింది. వరాలమ్మ అంది, "వియ్యపురాలు రాకుండా మనం మొదలుపెడితే బావుండదు వదినా. పిల్లలకి మటుకు పెట్టెయ్. మాకేం తొందర లేదు." పిల్లలకి పెట్టి పెద్దవాళ్ళని ఉత్తినే కూర్చోబెట్టడం ఎలాగ? పదహారు ఇడ్లీలు మూడు విడతల్లో వెళ్ళిపోయాయి. మెత్తగా ఉన్నాయని, నమలక్కర్లేకుండా జారిపోతున్నాయని అందరూ మెచ్చుకున్నారు. ఇందుజ అందరికీ చట్నీ వడ్డించింది.

పక్కింటి షమీమ్ బ్లౌజులు కుడుతుంది. ఇంటిముందు చెప్పులు చూసి ఏమైందోనని కంగారుపడి వచ్చింది. సంగతి తెలిశాక వెనక్కి వెళ్ళి, పాలల్లో మెత్తగా ఉడికించిన సేమ్యా గిన్నె తెచ్చింది. ఆ ఉదయం ఆ ఇంటికి వచ్చినవాటిలో ఇందుజ తినగలిగింది అదొక్కటే. గిన్నె బల్లమీద పెట్టి, టార్చిలైటు వెలుగులో కుట్లు చూసి షమీమ్ తిరిగి చూసేసరికి, చిన్నకోడలు పిల్లలకి దాన్ని గ్లాసుల్లో పోసేస్తోంది.

"అక్కా, అది..." అని చిన్నకోడలితో అనబోయింది షమీమ్.

"పర్లేదండి, పిల్లలు కదండి" అంది ఇందుజ. ఆ మాట అంటున్నప్పుడు గడ్డం మీద ఏదో తడిగా ఉందేమోనని చేత్తో తుడుచుకుంది. తినేదేమీ కాదు, కన్నీళ్ళు.

కైకలూరు బండి పది ముప్ఫై అయిదుకి వచ్చింది. మణెమ్మ, పాపారావు, అతని భార్య, అత్తగారు దిగారు. పాపారావు చేతిలో తడి గోనెసంచి కదులుతోంది. కొర్రమీను. కోసిన గాయం ఏదైనా సరే కొర్రమీను రసం పడితే ఇట్టే మానుతుందని కొల్లేటి చుట్టుపక్కల డాక్టర్లకి కూడా తెలుసు. మణెమ్మ కూతురి మొహం పట్టుకుని చాలాసేపు చూసింది. "ఎంత చిక్కిపోయావే" అని, "ఏదీ, నోరు తెరువు" అంది. తాతాజీ టార్చిలైటులో సెల్లు మార్చారు.

"ఇంక పెట్టేద్దామండి వదినగారూ" అంది మణెమ్మ.

వరాలమ్మ గోడగడియారం చూసింది. "పది నిమిషాల ముందు వచ్చుంటే బావుండేది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఇన్ని రోజులు ఆగిన పిల్ల గంటన్నర ఆగలేదా?"

ఆగలేదని ఎవరూ అనలేదు. ఇందుజ అనబోయింది గానీ, పాపారావు అత్తగారు అప్పుడే కళ్ళజోడు తుడుచుకుని నోరు తెరవమంది.

ఈలోగా రత్నమాణిక్యానికి ఇంకో చిక్కు వచ్చింది. వరాలమ్మ శుక్రవారం నీచు ముట్టదు, నీచున్న వంటింట్లో వండింది తినదు. అంతదూరం నుంచి తెచ్చిన చేపని బయట పెట్టమని మణెమ్మకి చెప్పలేరు. కాబట్టి చేప వంటింట్లో ఉండిపోయింది. ఇడ్లీ పాత్ర, కిరసనాయిలు స్టవ్వు, మిగిలిన పిండి పెరట్లోకి వెళ్ళాయి. తీరా అన్నీ సర్దాక, తన వల్ల వియ్యపురాలికి ఇబ్బంది కలగకూడదని మణెమ్మ ఎవరికీ చెప్పకుండా చేప బకెట్టుని కూడా పెరట్లోకి, చల్లగా ఉంటుందని పిండిగిన్నె పక్కకి, మోసుకొచ్చి పెట్టింది.

కొర్రమీను నీళ్ళల్లో కన్నా బయటే హుషారుగా ఉంటుంది. ఒక్క గెంతుతో బకెట్టు దాటింది. రెండో గెంతుకి పిండిగిన్నెలో పడింది. గిన్నె బోర్లపడి, తెల్లగా తడిసిన చేప తులసికోట చుట్టూ తిరిగింది. దాని వెనక పాపారావు తిరిగాడు. ఇద్దరూ ఆగేసరికి పెరడంతా ముగ్గు వేసినట్టయింది. వరాలమ్మ మెట్టు మీద నిలబడి, కాళ్ళు పైకి తీసుకోవడానికి ఇంకా పైకి మెట్టు లేక, అలాగే నిలబడిపోయింది.

పన్నెండయ్యేసరికి ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క ఇడ్లీ. పృథ్వీ సాయంత్రం వచ్చాక తింటాడని దాచింది. దాన్ని వేడి పాలల్లో నానబెట్టి ఇందుజని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె తన చేతి అద్దం అడిగింది. పిల్లలు దాంతో ఎండ తిప్పి ఎక్కడో పడేసి వచ్చారు.

చుట్టూ పద్నాలుగు మంది. తల్లి చెంచా అందించబోయి అత్తగారికి ఇచ్చింది. అత్తగారు మణెమ్మకి తిరిగి ఇచ్చింది. రెండుసార్లు అలా తిరిగాక ఇందుజ తనే తీసుకుంది. ఆమె నోరు తెరుస్తుంటే పద్నాలుగు నోళ్ళూ తెరుచుకున్నాయి. ముక్క లోపలికి వెళ్ళింది. నాలుక దాన్ని వెతికింది. పళ్ళు ఒకసారి కలిశాయి, తప్పు చోట. మింగాననే అనుకుంది. మింగానని చిరునవ్వు నవ్వింది కూడా. అందరి చూపూ ఎక్కడుందో చూసి, తల వంచి చూసుకుంది. ఇడ్లీ ముక్క ఒళ్ళో ఉంది.

"ఏం ఫరవాలేదమ్మా" అంది వరాలమ్మ. తరువాత మిగతా పదముగ్గురూ అదే మాట అన్నారు. ఇందుజ లేచి వెళ్ళి గది తలుపు వేసుకుంది. సోమవారం క్లాసు లేదు. అసలు ఇంకెప్పుడూ నలుగురిలో కూర్చుని తినడం లేదు. పెళ్ళిళ్ళకి సిరంజి పట్టుకెళ్ళాలి. లోపల చీకట్లో కూర్చుని ఆమె ఇంతవరకూ ఆలోచించింది.

చుట్టాలు సాయంత్రం దీపాల వేళకి వెళ్ళారు. అంట్లు తోమబోతే ఇడ్లీ పళ్ళెం గుంటలో అంటుకుపోయిన చిటికెడు ముక్క కనిపించింది. ఇందుజ పంపు దగ్గర కూర్చుని దాన్ని వేలితో గీకి నోట్లో పెట్టుకుంది. అద్దం లేదు. ఎడమ చేతిని గడ్డం కింద పట్టుకుని, మెల్లగా, కొత్త పళ్ళకి కొత్త చోటు చెబుతూ నమిలింది. చాలాసేపు పట్టింది. చేతిలో ఏమీ పడలేదు. చెబుదామని లోపలికి వచ్చింది. అత్తగారు కూర్చున్న చోటే నిద్రపోయింది. పుల్లలు పెట్టుకుని చూడడానికి ధైర్యం చాల్లేదు.

మర్నాడు ఏలూరులో, మొన్నటికి పదే పట్టాయని ఇందుజ చెప్పాక, చలపతిరావు ఒక్కొక్క పుల్లే పెడుతూ లెక్కపెట్టాడు. పది దగ్గర ఇందుజ కళ్ళు మూసుకుంది. పదమూడు అన్నాడు. ఇంకోటి పెట్టి పద్నాలుగు అన్నాడు. పుల్లలు తీసి, ఆమెని వదిలేసి, అత్తగారి వైపు తిరిగాడు.

"ఒక్కరోజులో నాలుగు పెరిగాయి. నిన్న ఏం చేయించారండి?"

"ఏమీ లేదండి. చుట్టాలు చూడ్డానికొచ్చారు, అందరం కలిసి పద్నాలుగు మందిమి అయ్యాం. అందరికీ నోరు తెరిచి చూపించింది" అంది రత్నమాణిక్యం బెరుగ్గా. "కొందరికి రెండుసార్లు."

"మంచిది. సోమవారం నుంచి కాలేజీకి వెళ్ళొచ్చు. నిన్న చేయించినట్టే ఒక నెల రోజులు రోజూ చేయించండి" అని డాక్టరు చీటీ రాసిచ్చాడు.

బయటికొచ్చాక ఇందుజ వద్దని చెప్పేలోపే రత్నమాణిక్యం ఎదురుగా ఉన్న టెలిఫోను బూత్‌లోకి వెళ్ళింది. చీటీలో మెత్తని ఆహారం అని కూడా ఉంది గానీ, అది చుట్టాలకి సరిపోగా చూసుకోవాలి.