ఊ కొట్టిన కోట

ఆ మంగళవారం ఉదయానికి కోట నిర్వాహకుడు జయచంద్ర చేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. పది గంటలకు చిత్తూరు నుంచి పర్యాటక శాఖ అధికారి సుప్రియ వస్తుంది. పుంగనూరు పక్కనున్న పాత కోటలో ఆరుగురు సందర్శకులు నడుముకు వాక్‌మన్, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, క్యాసెట్‌లో కోట కథ వింటూ నిశ్శబ్దంగా తిరుగుతుంటారు. ఆమె మెచ్చి, ఆ యంత్రాలు పెట్టేందుకు సంతకం పెడుతుంది.

క్యాసెట్‌లో గొంతు రాజమ్మది. పన్నెండేళ్లుగా కోట గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్లకు కథ చెప్పే కొలువు ఆమెది. సంతకం పడితే ఆ కొలువు క్యాసెట్‌కు పోతుందని తెలిసే, మదనపల్లెకు పోయి రికార్డు చేసి వచ్చింది. అక్కడా వాక్యం వాక్యానికీ ఆగింది.

"యాల నిలబెడతాండావు రాజమ్మక్కా?" అని జయచంద్ర విసుక్కున్నాడు.

"ఊ కొట్టేవాళ్లు లేకపోతే కత యాడికి పోతుందప్పా?"

ఆ ఖాళీలు క్యాసెట్‌లో అలాగే ఉండిపోయాయి.

సందర్శకులుగా సదుం నుంచి ఆరుగురు రైతులు వచ్చారు. రాజమ్మ ఆగినచోటల్లా మర్యాదగా "ఊ" అన్నారు. చెవులు మూసుకుపోయి తమ గొంతు తమకే వినబడక, అవతలి చేనులోవాడిని పిలిచినట్టు అన్నారు. ఒక్కొక్కరు ఒక్కో గదిలో, ఒక్కో సమయంలో.

కాపలాదారు మునెప్ప హడలిపోయాడు. "లోపల ఆరుగురూ మూలుగుతాండారు, రండప్పా!" అంటూ రోడ్డెక్కాడు. టీ అంగడి జనం సోడాలతో పరుగెత్తుకొచ్చారు. నోటికి అందించబోతే రామప్ప అనే రైతు కథలోని రాణి కోసం కళ్లు తుడుచుకుంటూ, "ఉండప్పా, పాపం ఆ తల్లి సచ్చిపోతాండాది!" అని అరిచాడు. దాంతో ఎవరో ఆస్పత్రి బండికి ఫోన్ చేశారు.

బండి వెనకాలే సుప్రియ జీపు ఆగింది. సంగతి విని, నవ్వకుండా ఒక హెడ్‌ఫోన్ తగిలించుకుంది. రెండు నిమిషాలకు ఆమె కూడా "ఊ" అంది. కథలో శత్రువులకు కోట తలుపు తెరుచుకున్న చోట బ్యాటరీ అయిపోయింది.

"తలుపు ఎవరు తీశారు?" అని సుప్రియ వాక్‌మన్‌నే అడిగింది. జయచంద్ర బ్యాటరీల కోసం జేబులు తడుముకున్నాడు.

"రాణెమ్మ సొంత తమ్ముడేనమ్మా," అంది గుమ్మంలోంచి రాజమ్మ. "ఆయమ్మకు ఆ మాట తెలిసింది..." అలవాటుగా ఆగింది.

సోడాలు పట్టుకున్నవాళ్లు, బండి డ్రైవరు, మునెప్ప, అధికారి, చివరకు జయచంద్ర, అందరూ ఒక్కసారే "ఊ" అన్నారు. అంత పెద్ద ఊ రాజమ్మ ఎన్నడూ వినలేదు.

వారానికి ఉత్తర్వు వచ్చింది. యంత్రాలు తృప్తికరంగా ఉన్నవి. అవి ఆగిపోయినప్పుడు వాడుకొనుటకు రాజమ్మను కొలువులో కొనసాగించవలెను.

బ్యాటరీలకు మాత్రం మంజూరు లేదు.