సూరిబాబు 'హూ' అన్న ఆదివారం

సూరిబాబుతో కాపురంలో శ్రీదుర్గకు ఉన్న కష్టం ఒక్కటే. ఆయన ఎప్పుడూ తప్పు చెయ్యరు. పప్పులో తానే రెండుసార్లు ఉప్పు వేసినా తప్పు ఉప్పుదే. గల్ఫ్‌లో వాళ్ళుండే మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో కారు సొంత సందు దాటిపోతే తప్పు సందుదే. ఆర్నెల్లుగా కుడి భుజం పట్టేసి చెయ్యి చెవి దాకా లేవడం లేదంటే, అది ఏసీ తప్పు.

ఆ భుజానికి మందు ముసఫ్ఫాలో ఆయన పనిచేసే వర్క్‌షాపులోనే దొరికింది. అక్కడి చైనా ఫోర్‌మన్ చీగాంగ్ అనే వాళ్ళ ఊపిరి కసరత్తు నేర్పాడు. చెట్టును కౌగిలించుకున్నట్టు చేతులు గుండ్రంగా చాచి, కళ్ళు మూసుకుని, "హూ" అంటూ ఊపిరి నెమ్మదిగా వదలాలి. మధ్యలో మాట్లాడితే కూడబెట్టిన శక్తంతా పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళ పెద్దలు చెప్పిన తావో దారిలో నడిచేవాడు నీళ్ళలా ఉండాలి, దేనికీ ఎదురు నిలవకూడదు.

"నీళ్ళలా ఉండేవారైతే ఆ గిన్నెల మీదుగా ఓసారి ప్రవహించకూడదూ?" అంది శ్రీదుర్గ.

ఆయన నవ్వలేదు. "పార్కులో కాసేపు చేసుకుంటాను. నువ్వు సంచీ పట్టుకునొచ్చెయ్. అట్నుంచటే చేపల మార్కెట్‌కి పోదాం," అని వెళ్ళిపోయారు.

సంచీతో ఆమె పార్కుకు చేరేసరికి సూరిబాబు మెడలో వేపరెమ్మ ఉంది. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఎదురుగా పక్క విల్లాలో వంటచేసే పాపాయమ్మ, ఆమె స్నేహితురాలు హలీమాబీ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"గట్టిగా మాట్టాడకండి దుర్గమ్మగారూ," అంది పాపాయమ్మ గుసగుసగా. "బాబుగారి మీదకి నూకాలమ్మ తల్లొచ్చింది. పిలిస్తే పలకరు, కళ్ళు తెరవరు, హూ హూ అని ఒకటే ఊగడం. వేపరెమ్మేసి, బాటిలు నీళ్ళు పోసి శాంతపరిచాను."

"మా ఊరి దర్గాలో గూడా ఇట్నే వస్తాది," అంది హలీమాబీ. "అడిగితే నిజం చెప్తాది."

శ్రీదుర్గ ఉన్న సంగతి చెప్పేద్దామనే నోరు తెరిచింది. కానీ ఎదురు మాట్లాడలేని మొగుడు చేతికి దొరకడం ఇదే మొదటిసారి.

"తల్లీ, ఇకనుంచి మా ఇంట్లో గిన్నెలు ఈయనే తోమాలా?"

సూరిబాబు రెప్ప అదిరింది. కానీ అప్పటికే ఊపిరి వదిలే వంతు వచ్చేసింది. "హూ..."

దాంతో పాపాయమ్మకు ధైర్యం వచ్చింది. "నా కూతురికి నెలలు నిండాయి తల్లీ. పురిటికి పోతానంటే మేడమ్ సెలవివ్వట్లేదు. పని మానేసి పోనా?"

శ్రీదుర్గ "ఆగు పాపాయమ్మా" అనేలోపే "హూ..." వచ్చేసింది. పాపాయమ్మ ఫోను తీసి మేడమ్‌కు వాయిస్ మెసేజ్ పెట్టేసింది. "మేడమ్, కామ్ ఖలాస్. మై జాతీ."

సూరిబాబు కళ్ళు తెరిచారు. శ్రీదుర్గ ఆయన చెవి దగ్గరకు వెళ్ళింది.

"ఆవిడ వీసా ఆ ఇంటిదే, పని మానేస్తే అదీ పోతుంది. 'అమ్మవారు కాదు, నేనే' అని చెప్పండి."

"నేనేమన్నాను? గాలి వదిలాను. అడగడం వాళ్ళ తప్పు."

"నా ప్రశ్న విన్నాక కూడా వదిలారుగా."

ఆయన పాపాయమ్మ వైపు చూశారు. అంతలోనే ఆమెకు భయం పట్టుకుంది. పంపిన మెసేజ్‌నే మళ్ళీ మళ్ళీ వింటోంది. సూరిబాబు మెడలో వేపరెమ్మ తీసేసి, రెండు చేతులూ నెత్తి మీదకెత్తి దణ్ణం పెట్టారు. కుడిచెయ్యి చెవి దాటి పైకి వెళ్ళడం శ్రీదుర్గ ఒక్కతే చూసింది.

"తప్పు నాదే పాపాయమ్మా. ఏ అమ్మవారూ రాలేదు. అది భుజం నొప్పికి కసరత్తు. అన్నీ వింటూ నోరు మూసుక్కూచున్నాను. మీ మేడమ్‌కి నేనే చెప్తాను పద."

అంతలో ఫోను మోగింది. మేడమ్ గొంతు: "నో ఖలాస్, పాపా. యూ గో టూ మంత్, కమ్ బ్యాక్. టికెట్ ఐ గివ్."

పాపాయమ్మ కళ్ళొత్తుకుంది. "అమ్మ దిగిపోయాక ఎవరికీ ఏవీ గుర్తుండదు బాబుగారూ."

"అన్నా, ఇంగోసారి కండ్లు మూసుకో," అంది హలీమాబీ. "నాదీ ఒకటి అడగాల."

సూరిబాబు దిక్కులు చూసి, "నువ్వైనా నమ్మవే," అన్నారు.

శ్రీదుర్గ నమ్మింది. గిన్నెల విషయంలో మాత్రం ఆమె ఇప్పటికీ అమ్మవారి పక్షమే.