ఫోనులో యాభై, రోడ్డు మీద ఎనభై

జీవానందం మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. చెయ్యి పెద్దది. తన పాత తెల్లకారు తాళం తప్ప ఏది అడిగినా ఇచ్చేస్తాడు. భార్య మగ్దలీనమ్మ డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకుని మూడు నెలలైంది. అది బీరువాలో పెళ్లి చీర మడతల్లో భద్రంగా ఉంది. స్టీరింగు మాత్రం ఇంకా ఆమె చేతికి రాలేదు.

"ఆడోళ్లకు స్పీడు మీద అదుపుండదే," అన్నాడు ఒక శనివారం పొద్దున.

"నీకుండాదా?"

"ఇరవై ఏండ్ల అనుభవం. బోర్డు మీద రాసింది ఏనాడూ దాటలా."

"అట్లయితే ఈరోజే తేల్చుకుందాం. గిద్దలూరు దాకా నేను లెక్కబెడతా. అయిదుసార్లకు మించి దాటితే వచ్చేటప్పుడు బండి నాది. దాటకుంటే మళ్ల తాళం మాటెత్తను."

గిద్దలూరులో ఆమె అక్క గ్రేస్ ఇంట్లో ఆ రోజు ప్రార్థన కూడిక. జీవానందం సరేనన్నాడు. అనేసి స్నానాల గదిలో తలుపేసుకుని, తాను మామూలుగా ఎన్నిసార్లు దాటుతాడో లెక్క వేశాడు. బేస్తవారిపేట చేరకముందే చేతివేళ్లు అయిపోయాయి.

పన్నాగం అక్కడే పుట్టింది. కారు మీటరు ముల్లు ఏడాదిగా సున్నా మీద నిద్రపోతోంది. వేగం చూసుకోవడానికి ఫోనులోని యాపే దిక్కు. దాన్ని కిలోమీటర్ల నుంచి మైళ్లకు మార్చేశాడు. మైలంటే కిలోమీటరున్నర పైమాటే. బండి ఎనభైలో ఉరికినా ఫోను యాభై అంటుంది. అబద్ధమాడేది ఫోను, తనకు పాపం అంటదు.

"ఇది చూస్తా కూర్చో," అని ఫోను భార్య చేతికిచ్చాడు.

అరవై బోర్డున్న రోడ్డు మీద కారు హాయిగా పరుగెత్తింది. మగ్దలీనమ్మ ఒకసారి ఫోను చూసింది, ఒకసారి కిటికీలోంచి చూసింది, ఒకసారి చేతి గడియారం చూసుకుంది. తర్వాత పెన్నుతో అరచేతిలో ఏదో రాసుకుంది.

"ఏంది రాస్తుండావు?"

"ప్రార్థన మనవులు."

"ఎవురికోసం?"

"నీకోసమే."

జీవానందం మురిసిపోయి ఇంకాస్త తొక్కాడు.

కంభం దాటాక ఒక ఊరి మొదట్లో ముప్పై బోర్డు వచ్చింది. ఫోను ఇరవయ్యెనిమిది చూపించింది. "చూసినావా, రెండు తక్కువే!" అంటూ భార్య వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు పూర్తికాకముందే రోడ్డు నిండా గొర్రెలు.

బ్రేకు మీద నిలబడ్డాడు. కారు కీచుమని అరిచి, పక్కకు ఊగి ఆగింది. గొర్రెపిల్లను ఎత్తుకోవడానికి రోడ్డు మధ్యలో వంగిన ముసలి కాపరి యల్లయ్య అలాగే వంగి ఉండిపోయాడు. ఆయన తలపాగాకూ బంపరుకూ మధ్య జానెడు సందు మిగిలింది.

జీవానందం దిగాడు. "తాతా, నేను... ఇరవయ్యెనిమిదిలోనే వచ్చినా."

యల్లయ్య పిల్లను భుజానికెత్తుకుని, రోడ్డు మీది నల్లటి చారలు చూశాడు. "ఇరవయ్యెనిమిదికే టైర్లు ఇట్ల కాలితే, అరవైలో వస్తే నువ్వే కాలిపోయేటోడివి నాయనా," అని మందను అదిలించుకుంటూ వెళ్లిపోయాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే జీవానందానికి కాస్త తేలిగ్గా ఉండేది.

కారు పక్కకు తీసి ఆపాడు. మగ్దలీనమ్మ నీళ్ల సీసా ఇచ్చింది.

"ఆ ఫోను..." అన్నాడు.

"మైళ్లలో పెట్టినావు. తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"పెళ్లికి ముందు ఈ రోడ్డు మీద కూలికొచ్చినా. ఈ కిలోమీటరు రాళ్లకు రంగేసింది నేనే. అరవైలో పోతే రాయికీ రాయికీ మధ్య నిమిషం పట్టాల. మనకు ముప్పావు నిమిషమే పట్టింది." అరచెయ్యి తెరిచింది. నిమిషం పట్టని ప్రతి రాయికీ ఒక గీత. ఇరవైమూడు గీతలు.

"మరి ముందే అడగలేదేం?"

"నువ్వే చెబుతావేమోనని చూసినా. ఈ ఊరు దాటితే చెబుతాడు, ఆ ఊరు దాటితే చెబుతాడు అనుకుంటా వచ్చినా." ఆమె గొంతు తగ్గింది. "నాదీ తప్పే. ఆ ముసలాయన వంగినప్పుడు నా ప్రాణం పోయినట్టయింది."

జీవానందం ఫోను తీసుకుని యాపును మళ్లీ కిలోమీటర్లకు మార్చాడు.

తిరుగు ప్రయాణంలో అడగకుండానే ఎడమ సీట్లో కూర్చున్నాడు. మగ్దలీనమ్మ అరవై అంటే అరవై, ముప్పై అంటే ముప్పై. ఊరికే ఉండలేక తమను దాటిపోయే బండ్లను లెక్కపెట్టాడు. నలభై దాటాక వదిలేశాడు. వాటిని నడిపేవాళ్లలో ఒక్కడూ దుర్మార్గుడిలా కనబడలేదు. ఒకడు ముందర కూరగాయల సంచి పెట్టుకున్నాడు, ఒకడు వెనక కాలేజీ కూతుర్ని కూర్చోబెట్టుకున్నాడు. అడిగితే అందరూ తనలాగే బోర్డు దాటలేదని చెప్పేవాళ్లే. ఆ మాట పొద్దున తానెంత ధీమాగా అన్నాడో తలుచుకుంటే చెవులు వేడెక్కాయి.

మార్కాపురం దగ్గరపడుతుండగా వెనక నుంచి ఒక కారు హారన్ల మీద హారన్లు కొట్టి, మట్టిలోకి దిగి ఎడమ పక్కకొచ్చింది. అందులోని కుర్రోడు తల బయటపెట్టి అరిచాడు: "ఏం బాబాయ్, పిన్నమ్మకు డ్రైవింగ్ నేర్పిస్తుండావా?"

జీవానందం అద్దం దించాడు.

"లేదు నాయనా, నేర్చుకుంటుండా."

"ఆ అద్దం ఎత్తు," అంది మగ్దలీనమ్మ, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా. "దుమ్మొస్తాది."