కంబళి మీద మాట

పొద్దున్నే రెండు సజ్జ రొట్టెలు తిని, కంబళ్ళ మూట నెత్తిన పెట్టుకుని, మొదటి బస్సెక్కి, ఎండ ముదరకముందే గుట్ట మీది సంతలో తన చోట తాను కూర్చోవాలి. ఆ మంగళవారం ఓబక్క పెట్టుకున్న పని ఇంతే. ఇంతకు మించి లోకంతో ఆమెకు పేచీ లేదు.

కానీ ఆ చోటు పోకూడదు. గుట్ట మీది మేతబీడులో జరిగే ఆ సంతకు గొర్రెల కాపరులు, తండాల లంబాడీ ఆడవాళ్ళు, చుట్టుపక్కల రైతులు వస్తారు. ఎవరి చోటు వారిది. వరసగా మూడు సంతలు రాకపోతే మాత్రం చోటు పక్కవాళ్ళది అయిపోతుంది. ఓబక్క మొగుడు కూర్చున్న చోటు అది. అతను పోయాక, "ఆడది కంబళ్ళు అమ్మేదేంది?" అని కులపెద్ద కదిరయ్య అడ్డుపడ్డాడు. "మొగోళ్ళకేమన్నా ఎక్కువ చలా?" అని ఓబక్క వెళ్ళి కూర్చుంది. ఇన్నేళ్ళూ కూర్చునే ఉంది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పి వల్ల రెండు సంతలు తప్పాయి. పక్కన మిరపకాయలు అమ్మే పుట్టమ్మ మొన్న దారిలో ఎదురుపడి, "మోకాళ్ళు ఎట్లుండాయక్కా? నిదానంగా మాన్పుకో, తొందరేముండాది?" అని పలకరించింది. అంత ప్రేమ చూసేసరికి ఓబక్క గుండె గుభేలుమంది.

బస్సు రాలేదు. ఒకప్పుడైతే బస్సుతో పనే లేదు. శెనక్కాయ చేల నడుమ కాలిదారి ఉండేది, నడిస్తే గుట్ట. ఇప్పుడు ఆ చేలన్నీ సోలార్ పార్కు. చుట్టూ కంచె, కంచె చుట్టూ తారు రోడ్డు, ఆ రోడ్డు పట్టుకుని పోతే సంత ముగిసిపోయాక సంత చేరవచ్చు.

అప్పుడు వచ్చింది ఒక బెంగళూరు వ్యాను. ముందు అద్దానికి "గుట్టల్లో గిరిజన సంతలు" అని బ్యానరు కట్టి ఉంది. యాత్ర నడిపే కేశవమూర్తి చేతిలో ఫోను పట్టుకుని దిగాడు. 

"అమ్మా, ఫోన్లో చూస్తే ఇక్కడ దారి ఉంది. కళ్ళతో చూస్తే కంచె ఉంది."

"ఫోన్లో ఉండేది పాత దారప్పా. దాని మీద ఇప్పుడు అద్దాలు మొలిచినాయి. నన్నెక్కించుకో, కంచె లోపల్నించే పోయే దారి నేను చూపిస్తా."

వ్యానులో కెమెరాలు, టోపీలు, నల్ల కళ్ళద్దాలు. వాటి వెనక మనుషులు. వినుత అనే ఆమె ఓబక్కకు చోటిచ్చి, ఎంతో మర్యాదగా అడిగింది. "మీరు ఏ తెగ వాళ్ళండీ?"

"మీరో?"

"మేమా? మాది బెంగళూరు."

"ఓహో, ఆ తెగనా," అంది ఓబక్క.

పార్కు గేటు దగ్గర కాపలా ఉన్నది ఆంజనేయ. ఓబక్క మరిది కొడుకు. "పెద్దమ్మా, లోపలికి ఇడ్సేదానికి లేదు. ఆర్డరు ఉండాది."

"భూమి బాడుగకిచ్చినాం గానీ దారి ఇచ్చినామా రా? నీకు ముక్కు చీదిన చెయ్యిది. నాకే కర్ర అడ్డం పెడతావా?"

"ఎవురు పెద్దమ్మా వీళ్ళంతా?"

"బెంగళూరు తెగ. శానా పెద్దోళ్ళు. మీ సారును పిలువు పో."

ఆంజనేయ కెమెరాలు చూశాడు, నల్ల కళ్ళద్దాలు చూశాడు, ఫోను తీశాడు. "సార్, బెంగళూరు నుంచి పెద్దోళ్ళు వచ్చినారు సార్. ఒకరు కాదు, వ్యాన్ నిండా!"

మేనేజరు మధుకుమార్ వారం రోజులుగా ఇస్త్రీ చొక్కా మీదే ఉన్నాడు. పై ఆఫీసు వాళ్ళు చెప్పకుండా వస్తారని ఎవరో చెప్పారు. పూలదండలు కూడా ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల పక్కన పెట్టి ఉంచాడు. అవి పట్టుకుని పరుగున వచ్చి, ముందు దిగిన వినుత మెడలో ఒకటి, కేశవమూర్తి మెడలో ఒకటి వేశాడు. కేశవమూర్తి ఇది తమ కంపెనీ చేసిన ఏర్పాటే అనుకున్నాడు. ఎవరు మీరని అడిగితే తమకు తెలియదని తేలిపోతుందని ఇద్దరూ అడగలేదు.

వాహనాలు నిలిపే పెద్ద రేకుల షెడ్డులో అందరికీ ఉప్పిట్టు, కేసరిబాత్ పెట్టారు. ఓబక్క ప్లేటు పక్కన పెట్టేసింది. ఎండ ఎక్కుతోంది. గుట్ట మీద పుట్టమ్మ ఈపాటికి గోనెపట్ట జరుపుతూ ఉంటుంది.

"తిన్నది చాల్లేప్పా. ఆవలి గేటు తీస్తే మేం పోతాం."

మధుకుమార్ గబగబా ఆమె ముందుకు కుర్చీ లాగాడు. పై వాళ్ళు రైతును వెంటబెట్టుకుని వచ్చారంటే ఏదో ఫిర్యాదు ఉన్నట్టే. "కూచోండమ్మా, కూచోండి. మీకేం కావాలన్నా చేస్తాం. కాఫీ తాగండి."

"సంత ఎక్కడ?" అని వినుత కేశవమూర్తిని అడిగింది. అతనికీ అదే సందేహం. ఏం తోచక ఓబక్క మూట వైపు చెయ్యి చూపాడు. "ఇదే మేడమ్, ఇక్కడి నుంచే మొదలు."

ఓబక్క వద్దనేలోపు మూట విప్పారు. అన్నిటికంటే పైన నల్ల కంబళి ఉంది. వినుత దాన్ని తీసి నేల మీద పరిచింది.

"పరచొద్దమ్మా!" అని అరిచింది ఓబక్క. అప్పటికే పరచడం అయిపోయింది.

కంబళ్ళు అమ్మేవాళ్ళు కంబళిని భుజాన వేసి చూపుతారు గానీ నేల మీద పరచరు. ఓబక్క వాళ్ళ జనంలో నల్ల కంబళి పరిచారంటే పంచాయితీ అయినా, పెళ్ళి మాట అయినా దాని మీదే తేలాలి. దాని మీద కూర్చుని ఇచ్చిన మాటకు తిరుగు లేదు. ఇచ్చిన మాట జరిగేదాకా అక్కడి నుంచి లేవకూడదు కూడా.

"సార్, మీరు దీని మీద కూర్చోండి, వీడియో తీస్తాను. నాలుగు మాటలు చెప్పండి," అంది వినుత.

పై ఆఫీసు కోరిక. మధుకుమార్ బూట్లు విప్పి, మఠం వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటలే గొంతు సవరించుకుని చెప్పాడు. "ఈ పార్కు మాది కాదు, మీది. ఈ గేటు మీది. మీకు, మీ గొర్రెలకు, మీ సంతకు ఇక్కడ అడ్డం లేదు. ఎప్పుడైనా రండి. మీ ఇల్లే అనుకోండి."

షెడ్డు పక్కన సోలార్ అద్దాలు కడిగే ఆడవాళ్ళు చేస్తున్న పని ఆపారు. ఆంజనేయ నోరు తెరిచాడు. పక్క ఊళ్ళో గొర్రె దగ్గినా వినగలిగే ఓబక్క, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఇంగొకతూరి చెప్పు సారూ. సరిగా ఇనపళ్ళేదు."

మధుకుమార్ సంతోషంగా, ఇంకా గట్టిగా, మళ్ళీ చెప్పాడు. చెప్పి లేవబోయాడు.

"లేయొద్దు సార్!" అని అద్దాలు కడిగే సుబ్బక్క చీపురు పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "నల్ల కంబళి మీద మాటిచ్చినావు. అది జరిగేదాంక లేస్తే నీకూ మంచిది కాదు, మాకూ మంచిది కాదు."

"అబ్బ, ఎంత గొప్ప ఆచారం!" అని వినుత కెమెరా ఇంకా దగ్గరికి తెచ్చింది. కెమెరా ముందు లేవడం ఎట్లాగో తెలియక మధుకుమార్ నవ్వుతూ ఉండిపోయాడు.

సుబ్బక్క సంతలో ఉన్న చెల్లెలికి ఫోను చేసి, సారు గేటు తెరిచాడని చెప్పింది. చెల్లెలు పక్కామెకు చెప్పేసరికి సారు దారి ఇచ్చాడు. ఆ మాట గొర్రెల దగ్గరికి చేరేసరికి సంతే లోపల పెట్టుకోమన్నాడు, పైన నీడ ఉంది, తాగడానికి చల్లటి నీళ్ళు ఉన్నాయి. గుట్ట మీద ఈ రెండూ ఏనాడూ లేవు.

కాసేపటికి గుట్ట వైపు నుంచి దుమ్ము లేచింది. ముందు గొర్రెలు, వెనక చింతపండు తట్టలు, మట్టి కుండలు, అద్దాల రవికెల లంబాడీ ఆడవాళ్ళు, వాళ్ళ గాజుల చప్పుడు. ఆంజనేయ ఆవలి గేటు బార్లా తెరిచి, కంగారులో మొదట వచ్చిన పొట్టేలుకు సెల్యూట్ కొట్టాడు.

మధుకుమార్ నవ్వు ఆగింది. మెల్లగా వినుతను అడిగాడు. "మేడమ్, తమరు హెడ్ ఆఫీసులో ఏ సెక్షను?"

"నేనా? పళ్ళ డాక్టర్ని. ఈ మధ్య అందరూ ఇట్లాంటి టూర్లకే వస్తున్నారు కదా."

మధుకుమార్ కేశవమూర్తి వైపు చూశాడు. కేశవమూర్తి మెడలోని దండ తీసి చేతిలో పట్టుకున్నాడు. మధుకుమార్ దిగ్గున లేవబోయాడు గానీ, అప్పటికే ఎదురుగా కదిరయ్య కర్ర ఆనించి నిలబడి ఉన్నాడు.

"కూచో సారూ. వారం వారం మంగళారం ఈ గేటు తెరిచే ఉంటాదా?"

"అదీ... పై వాళ్ళను అడగాలి..."

"కంబళి మీద కూచునింది పై వాళ్ళా, నువ్వా?"

చుట్టూ గొర్రెలు, చుట్టూ జనం, ఎదురుగా కెమెరా. "ఉంటాది," అన్నాడు మధుకుమార్. అతని నోట ఆ ఊరి మాట రావడం అదే మొదటిసారి.

కదిరయ్య ఓబక్క వైపు తిరిగి, గొంతు తగ్గించాడు. "ఓబక్కా, ఈడ ముందు కూచునిందానివి నువ్వు. నా గొర్రెలు యాడ కట్టేది?"

ఓబక్క అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఆ మూల కట్టుకో మామా. ఆడోళ్ళ చోట్లు అయినాక మిగిలింది నీదే."

అంతలో ఆమె ఫోను మోగింది. పుట్టమ్మ.

"అక్కా, మూడు సంతలు దాటిపాయ. నీ చోట నేను కూచున్నా. ఏమనుకోవద్దు. న్యాయం న్యాయమే గదా?"

"న్యాయమేలే పుట్టమ్మా. బాగా కాళ్ళు చాపుకోని కూచో."

"కూచున్నా గానీ అక్కా, అందురూ యాటికో దిగిపాయిరి, చోటు పోతాదని నేను కదల్లేదు. ఇంగ ఈడ కొనేటోళ్ళు, అమ్మేటోళ్ళు ఒక్కరూ లేరేంది?"

చోటు పుట్టమ్మకే దక్కింది. చోటు ఒక్కటే.

బెంగళూరు తెగ చింతపండు కొంది, గాజులు కొంది, ఆ వేసవిలో కంబళ్ళు కూడా కొంది. వినుత ఒక గొర్రెపిల్లను ఎత్తుకుని దింపనంటోంది. ఓబక్క దగ్గర మూట ఖాళీ అయింది. మధుకుమార్ కాళ్ళు తిమ్మిరెక్కి, అటూ ఇటూ చూసి, చిన్న గొంతుతో పిలిచాడు.

"అమ్మా, పై వాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి?"

"భూమి బాడుగకిచ్చినారు, దారి ఇయ్యలేదంట అని చెప్పు."

"సరే. ఇప్పుడైనా లేవచ్చా?"

"సంత ముగిసినాక లేద్దువులే సారూ."

మామూలుగా ఎండ వాలకముందే ముగిసే ఆ సంత, ఆ మంగళవారం దీపాలు పెట్టేదాకా ముగియలేదు.