ఈశాన్య మూల స్పీకర్

బుక్కరాయసముద్రం శివార్లలో వెలిసిన కొత్త వెంచర్లో, మండీ వ్యాపారి రామలింగయ్యగారి ఇంటి మిద్దె మీద కట్టిన హోం థియేటర్ గదిలో ఏ స్పీకర్ ఏ మూల ఉండాలో తేల్చడానికి ఒక సంఘం ఏర్పడిందని పాఠకులకు సంతోషంగా తెలియజేస్తున్నాను. మన జిల్లాలో సంఘాలకు కొదవ లేదు. కరువుకొకటి, కాలువకొకటి, ఆగిపోయిన కాలువ ఎందుకు ఆగిందో చూడడానికి ఇంకొకటి ఉన్నాయి. వాటి సమావేశాలకు సభ్యులు రారు. ఈ గదిలో ఏసీ ఉంది కాబట్టి మొదటి సమావేశానికే అందరూ వచ్చారు.

నేను ఒక చిన్న పత్రికకు ఈ మండలం వార్తలు పంపే విలేకరిని. ఆహ్వానంతో పాటు మధ్యాహ్న భోజనంలో ఓళిగలున్నాయన్న సమాచారం కూడా అందడంతో, ప్రజాప్రయోజనం దృష్ట్యా హాజరయ్యాను. నాకు తలుపు పక్కన కుర్చీ వేశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రామలింగయ్యగారు సినిమాల పిచ్చి ఉన్న మనిషి కాదు. బంధువుల పెళ్లికని బెంగళూరు వెళ్లినప్పుడు ఎవరో ఒక షోరూంకు తీసుకుపోయారట. చీకటి గదిలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి వాన వినిపించారు. మొదట ఎదుటి నుంచి, తర్వాత పక్కల నుంచి, ఆపైన వీపు వెనక నుంచి కురిసింది. నలభై ఏళ్లుగా అనంతపురం మండీలో వేరుశనగ కొంటున్నా, అంత వాన ఒక్కచోట ఆయన ఎన్నడూ ఎరగరు. కళ్లు తుడుచుకుని బయటికొచ్చి, ఈ వాన మా ఊరికి డెలివరీ ఇస్తారా అని అడిగారు. ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. మా ప్రాంతానికి నీళ్లిస్తామని మాటిచ్చి నిలబెట్టుకున్నవాళ్లు నాకు తెలిసి వాళ్లే.

పెట్టెలతో పాటు ముఖేష్ అనే టెక్నీషియన్ వచ్చాడు. పని తెలిసినవాడు కావడమే అతని దురదృష్టం. పక్క స్పీకర్లు కూర్చున్న మనిషికి ఇరువైపులా కాస్త వెనగ్గా, చెవికన్నా రెండడుగులు ఎత్తున ఉండాలని, అన్నీ మనిషికి సమాన దూరంలో ఉండాలని చెప్పి, టేపుతో కొలిచి గోడ మీద పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. పైకప్పులో రెండు స్పీకర్లకు రెండు బొక్కలు కొట్టాడు. ఆ స్పీకర్లు ఇంకా రాలేదు కాబట్టి బొక్కల్లోంచి చూస్తే పైన రేకులు కనిపించేవి. మిగతా పని అరగంటలో అయిపోతుందన్నాడు. పెద్దమనుషుల సలహా లేకుండా అరగంటలో అయిపోయే పని ఒక హోదా గల ఇంట్లో జరగడం ఏమిటని రామలింగయ్యగారు చిన్నబుచ్చుకున్నారు. సంఘం పుట్టింది అందుకే.

సంఘానికి అధ్యక్షులు వెంకటరాముడుగారు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్లు వర్షపాతం అంకెలు రాసి రిటైరైన అధికారి. పడని వానను కూడా దశాంశ స్థానాల దాకా రాసిన చెయ్యి అది. ఆయన లేచి గొంతు సవరించుకుని ఇలా సెలవిచ్చారు.

"మిత్రులారా, వాన ఎటుబడితే అటు నుంచి రాదు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరుతి నుంచి, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యం నుంచి వచ్చును. కావున నైరుతి మూల ఒకటి, ఈశాన్య మూల ఒకటి అమర్చవలెను. తతిమ్మా దిక్కుల నుంచి వచ్చు వానను ఈ సంఘము గుర్తించజాలదు."

నైరుతి బరువుగా ఉంటే ఇంటికి మంచిదేనని సంఘంలో సభ్యుడైన వాస్తు సిద్ధాంతి ఒప్పుకున్నాడు. అన్నిటికన్నా బరువైన స్పీకర్ పెట్టె అక్కడికి చేరింది. పేచీ అంతా ఈశాన్యం దగ్గర వచ్చింది. ఈశాన్యంలో బరువు ఉండకూడదు. స్పీకర్ ఎనిమిది కిలోలు. శాస్త్రానికీ శాస్త్రానికీ మధ్య రెండు గంటలు వాదం నడిచింది. చివరికి రామలింగయ్యగారి భార్య లలితమ్మగారే దారి చూపించారు. స్పీకర్ లోపలి సామాను పీకేసి ఉత్త పెట్టె పెట్టమన్నారు. బరువూ ఉండదు, మూలా బోసిపోదు. సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. ఉత్త పెట్టెలోంచి వాన ఎలా వస్తుందని ముఖేష్ అడిగాడు. ఈ జిల్లాలో ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అట్లాగే ఉంటాయని, అది సహజత్వానికి దగ్గరగా ఉంటుందని వెంకటరాముడుగారు అతన్ని సముదాయించారు.

వాయవ్యంతో ఎవరికీ పేచీ లేదు, ఇక మిగిలింది ఆగ్నేయం. అది అగ్ని స్థానం కాబట్టి అక్కడి నుంచి వాన రాకూడదని ఆ మూల స్పీకర్‌ను గోడ వైపు తిప్పారు. ముఖేష్ పెట్టిన పెన్సిలు గుర్తులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు.

ఇంత చేశాక వాన వానలా ఉందో లేదో చెప్పడానికి ఒక మనిషి కావాలి. సంఘంలో అందరూ పట్నం వాళ్లు. వెంకటరాముడుగారికి వాన మిల్లీమీటర్లలో తెలుసు గానీ చప్పుడుగా తెలియదు. అప్పుడు రామలింగయ్యగారు తలుపు తీసి, మిద్దె మీది నుంచి కిందికి చూశారు. ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద రామప్ప అనే రైతు వేరుశనగ కాయలు ఆరబోసుకుంటున్నాడు.

రామప్పది నాలుగెకరాల మెట్ట. విత్తనం వేశాక రెండు నెలలు వాన మొహం చాటేసినా బతికి బయటపడిన కాయ పన్నెండు బస్తాలు. అదే ఆ ఏటి మొత్తం పంట. పచ్చి ఆరితే తీసుకుంటానని రామలింగయ్యగారు మాటిచ్చారు, అందుకే ఆయన ఇంటి ముందే ఆరబోశాడు. భార్య కదిరమ్మ కట్టె పట్టుకుని మేకల్ని తోలుతోంది. పక్కనే మడత పెట్టిన టార్పాలిన్ పట్ట ఉంది. ఇద్దరు చెరో కొస పట్టుకుంటే ఐదు నిమిషాల్లో కాయంతా కప్పొచ్చు. ఒక్కరి వల్ల కాదు.

"వాన చప్పుడు వినేకి నన్ను పిలుస్తాండారా?" అని రామప్ప రెండుసార్లు అడిగాడు. పది నిమిషాల పనేనని చెప్పి పైకి తీసుకొచ్చి, కాళ్లు కడిగించి, నట్టనడుమ కుర్చీలో కూర్చోబెట్టారు. అది లక్షల ఖరీదు చేసే చోటని, చెవికి అన్ని వైపుల నుంచీ సమానంగా వినిపించేది అక్కడేనని ముఖేష్ వివరించాడు. పాపం, రామప్ప కుర్చీ అంచున కూర్చున్నాడు.

లైట్లు ఆర్పారు. చినుకులు మొదలయ్యాయి. రామప్ప ఒక్క ఉదుటున లేచి, ఇద్దరి కాళ్లు తొక్కి, తలుపు తోసుకుని, మెట్లు దిగి రోడ్డు మీదికి పరుగెత్తాడు. బయట ఎండ మండుతోంది. ఈశాన్యాన గంపెడంత మబ్బు ఒకటి ఉందట, అంతే. ఏమైందప్పా అని కదిరమ్మ అడిగితే చెప్పలేక తిరిగొచ్చాడు. గదిలో అందరూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. మొదటి పరీక్షలో యంత్రం ఉత్తీర్ణమైనట్టు వెంకటరాముడుగారు పుస్తకంలో రాసుకున్నారు. ఏసీ చల్లదనం బయటికి పోతోందని, రామప్ప ఇంకోసారి పరుగెత్తకుండా తలుపుకు గడియ వేయించారు. చుట్టూ రబ్బరు పట్టీలు వేసిన మందపాటి తలుపది.

రెండోసారి వాన మొదలైనప్పుడు రామప్ప సగం లేచాడు. మళ్లీ నవ్వులు వినిపించాయి. సిగ్గుపడి కూర్చున్నాడు. అరవై ఏళ్లుగా వాన చప్పుడును నమ్ముకుని బతికిన చెవులు ఆ మధ్యాహ్నం అరగంటలో వాటి మీద అవి నమ్మకం పోగొట్టుకున్నాయి. చెబితే నమ్మరు గానీ, ఆ మనిషి మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను. ఓళిగలు ఎక్కువయ్యాయేమో అనుకున్నాను.

మూడో పరీక్షకు ముందు ముఖేష్ ఏదో సరిచేయడానికి యంత్రం ఆపాడు. రిమోటు అతని చేతిలోనే ఉంది. సరిగ్గా అప్పుడే నెత్తిమీద చినుకుల చప్పుడు మొదలైంది. ఒకటి, పది, ఆపైన లెక్కలేనన్ని. సభ్యులు తలలెత్తి పైకి చూశారు.

"సామీ, ఇది మిషను వాన కాదు. నిజం వాన వస్తాండాది. నన్ను పోనీండి, కాయ కప్పల్ల," అన్నాడు రామప్ప.

గది చప్పట్లతో మారుమోగింది. వెంకటరాముడుగారు లేచి నిలబడ్డారు. "విన్నారా మిత్రులారా! అక్షరం ముక్క రాని ఒక రైతు, ఇది నిజమైన వాన అని ఒప్పుకున్నాడు. నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంతటి ధ్రువీకరణ పొందిన వర్షము లేదు," అన్నారు. ముఖేష్ రిమోటు వైపు చూశాడు, స్పీకర్లు లేని పైకప్పు బొక్కల వైపు చూశాడు. తర్వాత సభ్యుల వైపు తిరిగి వినయంగా తల వంచాడు. అతనికి ఇంకా సగం కూలి రావాల్సి ఉంది.

రామప్ప లేవబోతే, కూర్చోమప్పా, ఇంకా ఉరుము వినలేదు అని రామలింగయ్యగారు భుజం మీద చెయ్యేశారు. కాయ కొనాల్సిన మనిషి చెయ్యి అది. రామప్ప ఆ చేతిని తోసెయ్యలేదు, కూర్చున్నాడు.

అంతలో ఉరుము రానే వచ్చింది. ధబ్బు ధబ్బుమని, వెనక కుడివైపు నుంచి, సరిగ్గా ఈశాన్య మూల నుంచి. ఉత్త పెట్టె ఉన్న మూల అదే. తలుపు ఉన్నదీ అక్కడే. సభ్యులు పరవశించిపోయారు. ఈశాన్య స్పీకర్‌కు సాటి లేదన్నారు. బరువు తీసేస్తేనే అంత బాగా పలుకుతుందని నేను ముందే చెప్పలేదా అన్నారు లలితమ్మగారు. ఆ ఉరుము ఆగకుండా చాలాసేపు ఉరిమింది.

"అది ఉరుము కాదు సామీ, మా ఆడమనిషి," అన్నాడు రామప్ప మెల్లగా. ఈ హాస్యానికి అందరూ మళ్లీ నవ్వారు.

చప్పుడు ఆగిపోయాక రసభంగం లేకుండా తలుపు తీశారు. గుమ్మంలో కదిరమ్మ ఉంది. తల నుంచి పాదాల దాకా నీళ్లు కారుతున్నాయి. తివాచీ మీద అడుగు పెట్టొద్దని లలితమ్మగారు హెచ్చరించారు. కదిరమ్మ పెట్టలేదు. పొడిగా, చల్లగా కూర్చున్న మమ్మల్నందరినీ ఒకసారి చూసి, మొగుడితో ఒక్క మాటే అంది.

"ఒగ కొస పట్టుకునేకి ఈడ ఒక్కరూ లేకపోయిరి కదప్పా."

రామప్ప పరుగెత్తాడు. అప్పటికి కాయ సగం కాలువలోకి కొట్టుకుపోయింది. మిగిలిన సగం మూడు రోజులకు మొలకెత్తింది. తేమ ఎక్కువుండాది, ఏం చేయమంటావు అని రామలింగయ్యగారు కాయ తిప్పి పంపేశారు. పంపేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వానంటే ఆయనకు అంత మమకారం. మనసు బాగోకపోతే వచ్చి ఒక సినిమా చూసి పొమ్మని కూడా రామప్పతో అన్నారు.

స్పీకర్ల విషయంలో సంఘం తుది నిర్ణయం వెలువడింది. అన్నిటికన్నా బాగా పనిచేసినందున ఈశాన్య మూల ఉత్త పెట్టె యథాస్థానంలో ఉంటుంది. రామప్ప కూర్చున్న కుర్చీని అతిథులకు కేటాయించారు. అందులో కూర్చున్నవాళ్లంతా నిజంగా తడిసినట్టే ఉందని మెచ్చుకుంటున్నారు.

నేను ఆ సాయంత్రమే పత్రికకు వార్త పంపాను. "బుక్కరాయసముద్రంలో జోరు వాన, రైతుల హర్షం" అని మరుసటి రోజు అచ్చయింది.

ఇక నా కుర్చీ సంగతి. అది తలుపు పక్కనే ఉందని ముందే చెప్పాను. రబ్బరు పట్టీ ఎంత మందమైనా, అక్కడ కూర్చున్నవాడికి అవతలి గొంతు వినిపిస్తుంది. ధబ్బు ధబ్బుకు మధ్య ఒక ఆడమనిషి అరుస్తోంది. ఆ అరుపులో రామప్ప పేరుంది, కాయ ఉంది, పట్ట ఉంది. ఉరుములు మనుషుల్ని పేరు పెట్టి పిలవవని నాకు తెలుసు. గడియ నా చేతికి అందేంత దూరంలో ఉంది. అందరూ చప్పట్లు కొడుతున్నారు కదా అని నేనూ కొట్టాను.

మీరైతే గడియ తీసేవారే లెండి.